ప్రహరీగోడకు వెలుపలి ఇల్లు

"ఇల్లు అమ్మకమునకు కలదు. తూర్పుముఖము, రెండు పడకగదులు, పూజాగది. ప్రధాన రహదారికి మిక్కిలి సమీపము. పాఠశాలలు, వైద్యశాలలు, అంగళ్లు, బస్సులు నిలుచుచోటు అన్నియు దగ్గరనే కలవు." హైదరాబాదునకు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్బీనగరు దాటి తుర్కయంజాలువరకు పోవు దారిలో ఇట్టి ప్రకటనలు గోడలమీదను, కరపత్రములందును, చేతిలోని ఫోను తెరమీదను ప్రతిదినమును కనబడుచుండును. వీనిని చదువువారు వెలను చూచి ముందునకు సాగుదురేకాని మాటలను పరిశీలింపరు. పరిశీలించినచో ఒక విచిత్రము తోచును. ఇంటిని గూర్చి చెప్పినది ఒక వాక్యమే; తక్కినదంతయు ఇంటికి వెలుపలనున్నవానిని గూర్చియే. పాఠశాల అమ్మువానిది కాదు. రహదారి వానిది కాదు. వైద్యశాలను వాడు కట్టింపలేదు. ఐనను తనవికాని వస్తువులను వర్ణించియే వాడు తన వస్తువునకు వెల కట్టుచున్నాడు.

ఇది మోసమని నా యభిప్రాయము కాదు. ఎరుగకయే వాడొక సత్యమును చెప్పుచున్నాడు. ఇల్లనునది ప్రహరీగోడతో ముగియదు. నీరు వచ్చు దారి, మురుగు పోవు దారి, పిల్లలు బడికి నడచు దారి, ముదుసలులు సాయంకాలమున కూర్చుండు చెట్టునీడ, ఇవన్నియు ఇంటిలోని భాగములే. లోపలి సగమును యజమాని తన ధనముతో కట్టుకొనును. వెలుపలి సగమును ఎవరు కట్టుదురు? పూర్వమెవరు కట్టిరి? ఇప్పుడెవరు కట్టుచున్నారు? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

ఈ ప్రశ్న నాకు పుస్తకములో దొరకినది కాదు. కొంతకాలము క్రిందట నేనును మా యింటిలోనివారును తుర్కయంజాలు ప్రాంతమున ఒక ఇంటిని చూచుటకు పోయితిమి. ఇల్లు చక్కగనే యున్నది. గచ్చు నునుపును, కిటికీల వెలుతురును చూచి నేను సంతసించుచుండగా, ఆమె వంటయిల్లు, పెరడు చూచివచ్చి రెండే ప్రశ్నలు వేసినది. "ఈ యింటికి నీరెక్కడనుండి వచ్చును? వానకాలమున ఈ వీథిలోని నీరెక్కడికి పోవును?" మొదటిదానికి బోరుబావియని యుత్తరము వచ్చినది. రెండవదానికి అమ్మువాడు పటము తెచ్చి చూపెను. పటములో కాలువ లేదు. పచ్చరంగు పూసి ఉద్యానవనమని వ్రాసిన చోటొకటి కలదు. మేమా చోటికి నడచిపోయి చూడగా అచ్చట ఎవరియింటికో పునాదులు తీసియుండెను. తిరిగివచ్చునప్పుడు బస్సులో ఆమె మరల ఆ మాట నెత్తలేదు. నాకు మాత్రము ఆ రెండవ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు ఈ ప్రాంతపు చరిత్రలోనికి చాలదూరము పోవలసివచ్చినది.

తుర్కయంజాలు ఎల్బీనగరునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున నాగార్జునసాగరునకు పోవు రహదారిపై నున్నది. నిజాముల కాలమున రాజధాని చుట్టునున్న పల్లెలు "అత్రాఫ్ బల్దా" అను జిల్లాగా నుండెడివి. నగరపు చుట్టుపట్టు అని ఆ మాటకర్థము. ఆ జిల్లా సర్ఫెఖాసులోనిది, అనగా నిజాము సొంతమునకై ప్రత్యేకింపబడినది. 1949వ సంవత్సరమున జాగీర్లతోపాటు సర్ఫెఖాసును రద్దయి ప్రభుత్వభూమిలో కలిసినది. 1978లో నగరమును విడదీసి చుట్టునున్న పల్లెలతో కొండా వెంకట రంగారెడ్డిగారి పేర జిల్లా నేర్పరచిరి. బహుకాలము గ్రామపంచాయతీగా నుండిన తుర్కయంజాలు పురపాలకసంఘమై 2020 జనవరిలో మొదటి యెన్నికలను చూచినది. 2025 డిసెంబరులో మరి యిరువదియారు పురపాలక సంస్థలతోపాటు హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనము చేయబడినది. ఒక తరము బ్రదుకులోనే ఊరు పల్లెగను, పట్టణముగను, నగరభాగముగను మూడు పేర్లు ధరించినది. పేర్లు ఇంత వేగముగ మారినను, నేల వాలు మారలేదు. వాననీరు పూర్వమేదారిని పోయెనో నేటికి నాదారినే పోవును. దానినెరిగిన పూర్వులు ఊరి నెట్లు కట్టుకొనిరో చూతము.

తెలుగుదేశపు మెట్టప్రాంతములలో ఊరికంటె ముందు చెరువు పుట్టినది. నదులు దూరము, వానలు నాలుగు మాసములు మాత్రమే. తక్కిన యెనిమిది మాసములకు నీటిని నిలుపుకొనక నివాసము సాగదు. కావుననే మన పూర్వులు తటాకనిర్మాణమును సప్తసంతానములలో నొకటిగా గణించిరి. కన్నకొడుకుతో సమానముగా చెరువును లెక్కించిన సంఘమది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలివారు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేయగా ఆ చెరువు పూర్తియైనదని అందు కలదు. అంతకంటె ముఖ్యముగ, మంచిచెరువునకు కావలసిన పండ్రెండంగములను, చెరువునకు చేటు తెచ్చు ఆరు దోషములను ఆ శాసనము లెక్కించినది. కట్టనుండి నీరు కారుట, నేల చవుడగుట మున్నగువానితోపాటు, రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు ఒక దోషమని చెప్పబడినది. ఇద్దరు ప్రభువులున్న చెరువునకు నిజమైన ప్రభువెవ్వడును ఉండడని భావము. ఈ మాటను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. మరల దీనితో పని కలదు.

మన తెలంగాణమున చెరువులు ఒంటరిగా నుండవు. ఎగువ చెరువు నిండగానే దాని మత్తడి పొర్లి, కాలువవెంట దిగువ చెరువును చేరును. అదియు నిండిన పిదప మరియొకదానికి పోవును. వీనినే గొలుసుకట్టు చెరువులందురు. కట్ట నీటిని ఆపును, తూము పొలమునకు విడుచును, మత్తడి మిగులు నీటిని సాగనంపును. నీరు తగ్గిన పిమ్మట బయల్పడు శిఖము భూమిలో కొందరు పైరు పెట్టుకొనుటయు కలదు. కాని నీరు తిరిగివచ్చినప్పుడు నేల నీటిదే. తూము నెత్తి దించుటకును, ఏ పొలమునకెంత పారవలెనో చూచుటకును నీరటివాడుండెడివాడు. తుర్కయంజాలులోని మాసాబు చెరువు ఇట్టి వ్యవస్థకు చెందినదే. ఆ రహదారినే ఇంకను ముందునకు పోయినచో ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు వచ్చును. అది గోలకొండ సుల్తానైన ఇబ్రహీం కుతుబుషాహీ కాలపుదని ప్రసిద్ధి. ఇంకొకప్రక్క హయాతునగరు, హయాత్ బక్షీ బేగము పేర వెలసినది. ఆమె మహమ్మద్ కులీకి కూతురు, మహమ్మద్ కుతుబుషాహీకి భార్య, అబ్దుల్లాకు తల్లి. జనులామెను "మాసాహెబా" అని గౌరవించిరి. ఈ చెరువు పేరు ఆ మాటనే జ్ఞప్తికి దెచ్చును.

చెరువును బాగుచేయుటకు అందరును పాటుపడవలెనను నియమమును మన శాస్త్రములు గట్టిగా చెప్పినవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున జనపద నివేశమను ప్రకరణము కలదు. నూరు మొదలు ఐదువందల కుటుంబములవరకు గల గ్రామములను క్రోశము, రెండు క్రోశముల యెడముగా, ఒండొంటికి రక్షణ నిచ్చునట్లు నెలకొల్పవలెనని అందు విధించెను. పలువురు కూడి నీటికట్టను కట్టుచుండగా దానినుండి తొలగిపోవువాడు తన పనివారిని, ఎద్దులను పంపవలెను. వ్యయమున భాగము నీయవలెను. ఫలమున మాత్రము వానికి భాగము లేదు. వెలుపలి యింటిని గూర్చి ఇంతకంటె స్పష్టమైన ధర్మమును నేనెందును చదువలేదు.

ఇంతమాత్రముచేత పూర్వపు పల్లె స్వర్గతుల్యమని చెప్పబోవుట లేదు. అట్లు చెప్పుట చరిత్ర కాదు, ముచ్చట. పల్లెలో సౌకర్యము లుండెను. అవి అందరివి కాకుండెను. చెరువు మట్టి నెత్తిన చేతులే ఊరిబావి చేదను తాకరాదని నిషేధింపబడెను. నీరటివాడు ఊరి పొలములన్నిటికిని నీరిచ్చి, తాను దూరమున వాడలో నిలువవలసివచ్చెను. బడి యుండినను అంటరానివారని పేరుపెట్టిన బిడ్డలకు లోనికి పోవు త్రోవ లేదు. ఈ యన్యాయమును హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి ఎదిరించిరి. ఆ బిడ్డలకై పాఠశాలలను నెలకొల్పిరి. ఆరోగ్యవిషయమునను పూర్వపు నీరు నిర్దోషము కాదు. దిగుడుబావులలో జనులు కాళ్లతో దిగి నీరు ముంచుకొనుటచే నారికురుపు వ్యాపించి తెలంగాణపు పల్లెలలో ఎందరినో మంచమున పడవేసెను. వడగట్టిన నీరు, చేతిపంపులు, ప్రజాప్రబోధము వచ్చిన తరువాతనే ఆ వ్యాధి తొలగి, 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ మన దేశము దానినుండి విముక్తమైనదని ప్రకటించినది. కావున వెనుకటి పల్లెను తిరిగి కట్టుకొందమనుట మన యుద్దేశము కాదు. దానినుండి గ్రహింపవలసినది ఒక క్రమము మాత్రమే: మొదట నీరు, పిదప దారి, పిదప ఇల్లు.

ఆధునిక కాలమున ఈ క్రమమును నగరము ఒక మహావిపత్తుచే నేర్చుకొనెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను హరించెను. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా లడిగిరి. ఎగువన నీటిని ఆపు జలాశయములు కట్టవలెననియు, నగరమునకు మురుగుకాలువల వ్యవస్థ కావలెననియు వారు చెప్పిరి. 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఇరుకు బస్తీలను తొలగించి, వెడల్పు వీథులు తీసి, కాలువలు వేసి, అప్పుడు వరుసయిండ్లను కట్టించిరి. వరదకు ముందు ఈ బుద్ధి కలుగలేదేమని అడుగవచ్చును. మానవసంఘములు చాలవరకు ఇట్లే నేర్చుకొనునని చరిత్ర యనుభవము.

అదే కాలమున ఇంగ్లండున ఈ ఆలోచన శాస్త్రరూపము దాల్చుచుండెను. ఎబినీజర్ హోవర్డు 1898లో ఉద్యాననగరములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అతడు శిల్పి కాడు, ఇంజనీరు కాడు. శీఘ్రలేఖనముచే జీవించిన సామాన్యగృహస్థు. నగరపు భూమి ప్రజలందరి యుమ్మడి సొత్తుగా నుండి, దాని వెల పెరిగినందువలని లాభము ఊరి సౌకర్యములకే వినియోగపడవలెనని అతని ముఖ్యసిద్ధాంతము. 1903లో లెచ్‌వర్తు అను ఊరు ఆ పద్ధతిపై మొదలైనది. 1929లో అమెరికాలో క్లారెన్సు పెర్రీ యను నాతడు ఇరుగుపొరుగును ఒక పరిమాణముగా నిర్వచించెను. నడుమ ప్రాథమిక పాఠశాల. బిడ్డ పెద్దరహదారిని దాటకుండ నడచి చేరగల దూరము. భూమిలో సుమారు పదియవవంతు ఆటస్థలములకును తోటలకును విడుచుట. మన లేఅవుట్లలో నూటికి పదివంతులు ఖాళీస్థలము విడువవలెనను నియమమును ఈ దృష్టితోనే గ్రహింపవచ్చును.

ఇప్పుడు మన తూర్పు శివారునకు వత్తము. శివారన్నది ఒకచోట నిలుచునది కాదు. తరమునకొకమారు ముందునకు జరుగునది. ఒకనాడు సరూర్‌నగరే నగరపు శివారు. అర్‌స్తూజా దివానుగా నుండిన కాలమున సరూర్ అఫ్జాబాయి పేర అచ్చట తోట వెలసినది. అచ్చట ఆరవ నిజాము తనకై మొదలిడిన రాజభవనము ఇరువదవ శతాబ్ది యారంభమున విక్టోరియా స్మారక అనాథశరణాలయ మయ్యెను. నేడు ఆ పేరు మెట్రోరైలు నిలయమున నిలిచియున్నది. పిదప దిల్‌సుఖ్‌రాం ప్రసాదు అను నాయన పొలములు ఇండ్లస్థలములుగా విభజింపబడి దిల్‌సుఖ్‌నగ రైనది. ఆ మీద లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర ఎల్బీనగరు వచ్చెను. నిజాముల వేటయడవి 1975లో మహావీర హరిణ వనస్థలిగా రక్షితమయ్యెను. దాని ప్రక్కననే వనస్థలిపురము పెరిగినది. 2007లో ఎల్బీనగరు, గడ్డిఅన్నారము పురపాలకసంఘములు మహానగరములో చేరినవి. 2018 సెప్టెంబరు 24న మెట్రోరైలు ఎల్బీనగరువరకు వచ్చి ఆగినది. ఆగినచోటినుండి శివారు మరల ముందునకు నడచి ఇంజాపురము, తుర్కయంజాలు, రాగన్నగూడలను చేరుకొన్నది.

ఈ నడకలో క్రమము తలక్రిందులైనది. ఇప్పుడు మొదట ఇల్లు, పిదప దారి, చిట్టచివర నీరు. ఒక రైతు తన పొలము నమ్మును. కొన్నవాడు రాళ్లు పాతి వీథులు గీయును. అనుమతి యుండినచో నూటికి పదివంతులు ఖాళీ విడువవలెను. అనుమతి లేనిచో ఆ చోటును అమ్ముడుపోవును. ఒక్కొక్క పొలము ఒక్కొక్క కాలమున విభజింపబడుటచే ఒక కాలనీ వీథి పొరుగు కాలనీ గోడకు తగిలి ఆగిపోవును. పొలము గట్లవెంబడి నీరు పోయిన కాలువ రెండు కాలనీల నడుమ పడి, ఎవరి పటములోను చేరక, చెత్తతో పూడిపోవును. ఇట్టి స్థలములను క్రమబద్ధము చేయుటకు 2020లో ప్రభుత్వ మొక పథకమును ప్రకటింపగా రాష్ట్రమంతట ఇరువదియైదు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఖాళీస్థలము విడువని లేఅవుటులోని యజమాని స్థలపు విలువలో నూటికి 14 వంతులు చెల్లించి ఆ లోపమును పూరించుకొనవచ్చునని అందు కలదు. ధర్మముతప్పి స్థలము కొన్న పేదగృహస్థు వీథిపాలు కాకుండ నుండుటకు ఇట్టి యుపాయము కావలసినదే కావచ్చును. కాని రుసుము చెల్లించినంతమాత్రమున ఆ వీథి పిల్లలకు ఆటస్థలము మొలవదు. లేని తోటకు వెల కట్టితిమి. తోట మాత్రము లేనేలేదు.

నీటివిషయమును ఇట్లే. కృష్ణాజలములను నగరమునకు దెచ్చు పథకపు మొదటిదశ 2004లో పూర్తియైనది. నల్లగొండ మండలమున కోదండాపురము కడ నీటిని శుద్ధిచేసి, గునుగల్లుమీదుగా సాహెబునగరునకు గొట్టములలో తెచ్చిరి. ఆ గొట్టములు నగరదాహము తీర్చుటకై శివారు పల్లెలను దాటిపోయినవి. ఆ పల్లెలలో కొత్తగా లేచిన కాలనీలు మాత్రము బహుకాలము బోరుబావులను, ట్యాంకరులను నమ్ముకొనియే యుండెను. బోరుబావిలోని నీరెక్కడిది? ప్రక్కనున్న చెరువు నేలలోనికి ఇంకించినదే. చెరువును పూడ్చి ఇల్లు కట్టి, ఆ యింటిలో బోరు వేసి నీటికై యెదురుచూచుట, పాలిచ్చు ఆవునమ్మి పాలచెంబు కొనుటవంటిది.

ఇక మా యింటిలోనివారి రెండవ ప్రశ్నకు, వాననీరెక్కడికి పోవునను దానికి, 2020 అక్టోబరు 13 రాత్రి యుత్తరము చెప్పినది. ఆ దినమున హయాతునగరు ప్రాంతమున దాదాపు 30 సెంటీమీటర్ల వాన కురిసెను. చెరువులు నిండి, మత్తడులు పొర్లి, నీరు తన ప్రాతదారిని వెదకుకొనుచు పోయినది. ఆ దారిలో ఇండ్లుండెను. సరూర్‌నగరు చెరువుక్రింది కాలనీలలో దినములకొలది నీరు నిలిచి, జనులు పడవలపై బయటికి రావలసివచ్చెను. జనులు చెరువు తమ యింటిలోనికి వచ్చినదని చెప్పుకొనిరి. నిజమునకు ఇల్లే చెరువులోనికి పోయియుండెను; చెరువు తన యింటికి తిరిగివచ్చినది.

పోరుమామిళ్ల శాసనకర్త చెప్పిన దోషమును ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొందము. నేటి చెరువులన్నియు రాజ్యముల సరిహద్దున నున్నట్టివే. కట్టయు తూమును ఒక శాఖవి; శిఖము భూమి లెక్కలు వేరొక శాఖవి; చుట్టునున్న గృహములకు అనుమతి నిచ్చునది మరియొక సంస్థ. శిఖములో కొంత సర్కారుది, కొంత పట్టాదారులది. పది హెక్టార్లకు మించిన చెరువుల నిండునీటి గుర్తునుండి 30 మీటర్లవరకు కట్టడము కూడదని 2012నాటి భవననిర్మాణ నియమములు చెప్పుచున్నవి. నియమమున్నను నిండునీటి గుర్తు ఎచ్చటనని నేలమీద రాయి పాతనిచో అది కాగితపు గుర్తే యగును. చెరువుల ఆక్రమణలను తొలగించుటకై 2024లో హైడ్రా యను ప్రత్యేకసంస్థ నేర్పరచవలసివచ్చెను. కట్టిన యిండ్లను కూల్చునప్పటి యేడ్పులను విన్నవారెవ్వరికిని ఆ పని సంతోషము నీయదు. ఇల్లు కట్టకముందు ఒక రాయి పాతుట యెంత సులభమో, కట్టిన పిదప కూల్చుట యంత క్రూరము.

ఇచ్చట ఒక సామ్యమును పాఠకుల యెదుట నుంచెదను. హైదరాబాదు నడిబొడ్డున మాసాబ్‌ట్యాంకు అను పేట కలదు. హయాత్ బక్షీ బేగము గౌరవనామముతో వెలసిన చెరు వచ్చట నుండెను. నగరము పెరిగినకొలది అది కుంచించుకొనిపోయినది. దాని స్థలమున చాచా నెహ్రూ పేర తోట వెలసినది. చుట్టును కార్యాలయములు, ఇండ్లు, వంతెనదారి. చెరువు పోయి పేరు మాత్రము మిగిలినది. బస్సెక్కువారు ఆ పేరు చెప్పి చీటీ తీసికొందురేకాని అది నీటి పేరని తలంపరు. తుర్కయంజాలులో అదే పేరిటి చెరువు నేటికిని నీటితో కలదు. ఒక మాసాబు కథ ముగిసినది. రెండవదాని కథ ఇంకను వ్రాయబడుచున్నది. అది యెట్లు ముగియునో అచ్చట ఇండ్లు కొనువారి చేతిలోను, అమ్ముటకు అనుమతినిచ్చువారి చేతిలోను ఉన్నది.

ఇక "సమీపము" అను మాట. ప్రకటనలలో ఈ మాటను నిమిషములతో కొలుచుచున్నారు. మెట్రోకు ఇన్ని నిమిషములు, వెలుపలి వలయరహదారికి ఇన్ని నిమిషములు. ఎవరికి నిమిషములు? మోటారు గలవానికి. పదేండ్ల బాలిక పుస్తకములసంచితో సాగరు రహదారిని దాటి బడికి పోవుటకు ఎన్ని నిమిషములు? మోకాళ్లనొప్పిగల ముదుసలి మందులకొరకు పోయి వచ్చుటకు ఎన్ని? తెల్లవారక మునుపే దూరపు బస్తీనుండి నడచివచ్చి మన యిండ్లలో అంట్లుతోము ఆమె కెన్ని? పూర్వపు పల్లెలో సౌకర్యము కులముచే విభక్తమైయుండెను. నేటి కాలనీలో అది ధనముచే విభక్తమగుచున్నది. గోడలు కట్టి కావలివానిని నిలిపిన నివాసములలో తోట యున్నది, ఈదుకొలను ఉన్నది; గోడ కీవల కాలనీలో త్రాగునీరు లేదు. వాడను ఊరికి వెలుపల నుంచిన పాపమును కడుగుకొన బూనిన మనము, మరల గోడ వెలుపల ఒక వాడను సృష్టించుకొనుట తగునా?

చేయవలసిన పనులు పెద్దవి కావు. ఇల్లు కొనువారు వాస్తు చూపించునట్లే నీటిదారిని చూపించుకొనవలెను. ఈశాన్యమున నీరుండవలెనని అడుగుట మనకు అలవాటే; ఊరి చెరువు ఏ దిక్కున నున్నది, ఆ కాలువ యెటుపోయినదని అడుగుటయు అలవాటు కావలెను. పటమున పచ్చరంగున్నచోటికి నడచిపోయి చూడవలెను. ఇండ్లవారి సంఘములు గణపతి పందిళ్లకు చందాలు పోగుచేయు నేర్పును కలిగియున్నవి. ఆ నేర్పుతోనే కాలువ పూడిక తీయించుటకు, ఖాళీస్థలమును సర్కారు లెక్కలలో ఎక్కించుటకు, నిండునీటి గుర్తురాళ్లు పాతించుటకు పూనుకొనవచ్చును. కౌటిల్యుని నియమము నిచ్చట వర్తింపజేయవలెను: రాలేనివాడు తన భాగము నీయవలెను. వీథిలో అద్దెకుండువారిని, పనివారిని, కావలివారిని సభ్యులుగా చేర్చుకొనవలెను; నీటికరవు ముందు తగులునది వారికే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలకు సర్కారు సాయము లేదు. చదువరులు కొందరు కూడి చేసిన పని యది. నేటి కాలనీ ఒక్క గదిని పుస్తకములకై విడువలేదా? అంగడి, వైద్యశాల సమీపమున నున్నవని చెప్పు ప్రకటనలలో "గ్రంథాలయము సమీపము" అను మాట కనబడిన దినమున మన శివారు నిజముగ నగరమైనదని నేను నమ్మెదను.

మేము చూచిన యింటిని మేము కొనలేదు. మరియొకరు కొనియుందురు. వారి కిటికీలలోను అదే వెలుతురు ప్రవేశించును. వారి వీథిలోను అదే వాన కురియును. ఆ నీటికొక దారి విడువవలసిన భారము వారిదొక్కరిదే కాదు. లోపలి యింటిని ఎవరిదివారు కట్టుకొనిన చాలును. వెలుపలి యింటిని మాత్రము అందరమును కలిసి కట్టుకొనవలెను. లేనిచో అది యెవ్వరికిని దక్కదు.